బ్రూనో గేటు దగ్గరికి రాలేదంటే

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. బ్రూనో మూడున్నరేళ్ల మగ లాబ్రడార్. మీ స్కూటీ శబ్దం వీధి మలుపులో వినపడగానే గేటు మీదికి ఎగిరేవాడు. పాలబ్బాయి, కొరియర్ కుర్రాడు, పక్కింటి పిల్లలు అని తేడా లేకుండా అందరి మీదా పడి పలకరించేవాడు. అలాంటివాడు నిన్నా మొన్నా మెట్ల కింద గచ్చు మీద పడుకునే ఉన్నాడు. మీరు ఇంటికొస్తే తోక రెండుసార్లు నేలకేసి కొట్టి ఊరుకున్నాడు. అన్నం సగం వదిలేస్తున్నాడు. వాంతులు, విరేచనాలు లేవు, ముక్కు తడిగానే ఉంది, టీకాలన్నీ టైముకే వేయించారు. నిమజ్జనం డీజేలకు బెదిరాడు, రెండ్రోజుల్లో సర్దుకుంటాడని ఇంట్లోవాళ్లు అంటున్నారు. మీకేమో మనసు ఒప్పుకోవడం లేదు. "నేనే అనవసరంగా టెన్షన్ పడుతున్నానా?" అని అడిగారు.

అనవసరం కాదమ్మా. రేపు పొద్దున్నే డాక్టర్‌కి చూపించండి. ఈలోపు ఈ రాత్రి ఇంట్లోనే చూడాల్సినవి మూడున్నాయి. వాటిలో ఏది తేడాగా కనిపించినా పొద్దుటిదాకా కూడా ఆగొద్దు.

కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ముప్పై ఒక్క ఏళ్లు పశువైద్యుడిగా పనిచేసి రిటైరయ్యాను. కుక్కను తీసుకొచ్చిన వాళ్లలో చాలామంది మొదట అనే మాట ఒకటే: "డల్‌గా ఉంది సార్." ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈ మాట వింటే నాకు విసుగొచ్చేది. డల్ అంటే ఏమిటి, జ్వరమా, నొప్పా, ఏదైనా తిన్నదా, సరిగ్గా చెప్పరేం అనిపించేది. పదేళ్లు గడిచాక అర్థమైంది, వాళ్లు చెప్పగలిగిన వాటిలో అన్నిటికంటే పనికొచ్చే మాట అదేనని. జ్వరం నేను కొలుచుకోగలను, రక్తం పరీక్షకు పంపగలను. ఆ కుక్క మామూలుగా ఎలా ఉంటుందో మాత్రం నాకు తెలియదు. అది ఇంట్లోవాళ్లకే తెలుసు. గేటు దగ్గరికి పరుగెత్తుకు రావాల్సినవాడు రాలేదని చెప్పగలిగింది మీరొక్కరే.

ఈ సంగతి నాకు పూర్తిగా తలకెక్కింది మా ఇంట్లోనే. మాకు చిట్టి అని ఒక నాటు ఆడకుక్క ఉండేది. తొమ్మిదేళ్లు వచ్చినా అల్లరి తగ్గలేదు. నేను డ్యూటీ నుంచి రాగానే ఒక చెప్పు నోట కరుచుకుని వాకిలంతా తిరిగేది. దాని వెనక నేను పరుగెత్తాలి, అదీ రోజూ ఆట. ఒకరోజు చెప్పు తీసుకుంది గానీ వాకిలి మధ్యలో దాన్ని కింద పెట్టి, పక్కనే కూర్చుండిపోయింది. వయసు మీద పడుతోంది కదా అనుకున్నాను. మర్నాడు మా ఆవిడ చెప్పింది, నీళ్లు ఎక్కువ తాగుతోందండీ అని. ఎండలు కదా అన్నాను. మూడో రోజు ఆవిడ, "మీరు డాక్టరే గానీ, ఇది మన చిట్టి కాదండీ, చూడండి ఒకసారి" అని గట్టిగా అంది. అప్పుడు కూర్చుని పొట్ట తడిమి చూశాను. గర్భసంచి నిండా చీము. ఆ రాత్రే ఆపరేషన్ చేశాం. బతికింది, ఇంకో మూడేళ్లు చెప్పులు ఎత్తుకెళ్లింది. కానీ రోజుకు ఇరవై కుక్కల్ని చూసే నేను, మా ఇంటి కుక్కను చూడ్డానికి మూడు రోజులు తీసుకున్నాను. మా ఆవిడ మొదటి రోజే గమనించింది. అందుకే ఇంట్లో ఎవరో ఒకరికి మనసు ఒప్పుకోవడం లేదంటే, మిగతావాళ్లు దాన్ని కొట్టిపారేయకూడదని అంటాను.

ఇప్పుడు డీజే సంగతి. మీ ఇంట్లోవాళ్లు చెప్పింది అర్థం లేని మాటేం కాదు. డప్పులకూ టపాసులకూ కుక్కలు నిజంగానే బెదురుతాయి. కానీ బెదిరిన కుక్క తీరు వేరు. చప్పుడు జరుగుతున్నప్పుడు వణుకుతుంది, రొప్పుతుంది, మంచం కిందికో బాత్రూంలోకో దూరుతుంది, మన కాళ్ల మధ్యకొచ్చి నక్కుతుంది. చప్పుడు ఆగాక కొన్ని గంటల్లో, మహా అయితే మర్నాటికి, మెల్లగా తేరుకుంటుంది. నిమజ్జనం అయిపోయి రెండు రోజులైంది, వీధి నిశ్శబ్దంగా ఉంది, అయినా వీడు తేరుకోలేదు, పైగా తిండి తగ్గింది. లాబ్రడార్ అన్నం వదిలేశాడంటే అది చిన్న విషయం కాదు. ఒంట్లో ఎంత బాగోకపోయినా గిన్నె నాకేసే జాతి అది. డీజే రోజునే ఒంట్లో కూడా ఏదో మొదలై ఉండొచ్చు. ఒక కారణం కళ్లెదుట దొరికేసరికి మనం రెండోది వెతకడం మానేస్తాం.

ముక్కు తడిగా ఉందని ధైర్యపడకండి. అందరూ నమ్మే మాటే గానీ దానికి విలువ లేదు. 104 డిగ్రీల జ్వరంలో కూడా ముక్కు తడిగా ఉన్న కుక్కల్ని చూశాను. ఫ్యాన్ కింద నిద్రపోయి లేచిన ఆరోగ్యమైన కుక్క ముక్కు ఎండిపోయి ఉంటుంది.

థర్మామీటర్ పెట్టి చూడండి. మెడికల్ షాపులో దొరికే మామూలు డిజిటల్‌ది చాలు, దాన్ని ఇక బ్రూనోకే ఉంచేయండి. వాడు తిరుగుతున్నా, రొప్పుతున్నా అరగంట పడుకోనివ్వండి. తర్వాత ఒకరు తల దగ్గర కూర్చుని నిమురుతూ పట్టుకోవాలి. ఇంకొకరు థర్మామీటర్ కొసకు కొబ్బరినూనె రాసి, తోక ఎత్తి, మలద్వారంలోకి ఒక అంగుళం మేర మెల్లగా పోనిచ్చి, బీప్ వచ్చేదాకా పట్టుకోవాలి. కుక్క ఒంటి వేడి మనకంటే ఎక్కువ. 101 నుంచి 102.5 ఫారెన్‌హీట్ దాకా మామూలే. 101 చూసి కంగారు పడి ఫోన్ చేసినవాళ్లు చాలామంది. 103 దాటితే జ్వరం కింద లెక్క. 104 దాటితే పొద్దుటిదాకా ఆగకండి. 99 కంటే తగ్గినా అంతే తొందరపడాలి, ఆ మాట ఎవరూ చెప్పరు.

తర్వాత చిగుళ్లు. ట్యూబ్‌లైట్ కిందికి తీసుకొచ్చి పైపెదవి ఎత్తండి. పిల్లవాడి పెదవిలా లేత గులాబీ రంగులో, తడిగా ఉండాలి. వేలితో ఒక చోట నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. లాబ్రడార్లలో కొన్నిటికి చిగుళ్లు నల్లగా ఉంటాయి. అలాంటప్పుడు కింది కనురెప్పను కొంచెం కిందికి లాగి లోపలి పొర చూడండి. ఆ పొర తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంటే రక్తం తగ్గిపోయిందని. పసుపు పచ్చగా ఉంటే కామెర్లు. నీలంగా ఉంటే ఊపిరి అందడం లేదు. ఇవి మూడూ ఈ రాత్రే బయల్దేరాల్సినవి. ఈ మధ్య ఇంట్లో గానీ పక్కింట్లో గానీ ఎలుకల మందు పెట్టారా అని కూడా అడిగి తెలుసుకోండి. రక్తం గడ్డకట్టకుండా చేసే రకం ఎలుకల మందు తిన్న కుక్క ఆ రోజు మామూలుగానే ఉంటుంది. మూడు నుంచి ఐదు రోజుల తర్వాత లోపల రక్తం కారడం మొదలై, చప్పుడు లేకుండా ఒక మూల కూలబడుతుంది. విటమిన్ కె1 అనే విరుగుడు ఉంది, టైముకి అందితే బతుకుతుంది. మందు పెట్టారని తేలితే ఆ ప్యాకెట్‌ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.

మూడోది ఊపిరి. వాడు నిద్రపోతున్నప్పుడు పక్కన కూర్చుని, ఫోన్లో టైమ్ పెట్టి, అరనిమిషంలో పక్కటెముకలు ఎన్నిసార్లు లేచాయో లెక్కపెట్టి రెట్టింపు చేయండి. నిద్రలో నిమిషానికి ముప్పై దాటకూడదు. దాటితే రెండోసారి చూడండి, అప్పుడూ దాటితే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

ఇవి మూడూ సరిగానే ఉన్నా, రాత్రిలో ఇంకొన్ని కనిపిస్తే ఆగకూడదు. పొట్ట డోలులా బిగుసుకుని, వాంతి వచ్చేట్టు డోకుతూ ఏమీ బయటికి రాకపోతే కడుపు మెలితిరిగి ఉండొచ్చు. గంటల్లో ప్రాణం పోయే స్థితి అది. జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్, డాబర్‌మన్ లాంటి లోతు ఛాతీ ఉన్న జాతుల్లో ఎక్కువ, లాబ్రడార్‌కి కూడా వస్తుంది. నిలబడలేకపోవడం, ఫిట్స్, మూత్రం అస్సలు రాకపోవడం, తారులాంటి నల్లటి విరేచనం, ముక్కులోంచి రక్తం, ఇవి కూడా అంతే. అర్ధరాత్రి ఎక్కడికి వెళ్లాలో ముందే కనుక్కుని ఫోన్ నంబర్ రాసి పెట్టుకోండి. మీరు విజయవాడలోనే అన్నారు కాబట్టి, కేసు ముదిరితే గన్నవరంలో పశువైద్య కళాశాల ఆసుపత్రి దగ్గరే ఉంది. తెలంగాణ వాళ్లకు రాజేంద్రనగర్, రాయలసీమ వాళ్లకు తిరుపతి. అక్కడ ఏ వేళల్లో చూస్తారో మాత్రం ముందే ఫోన్ చేసి అడగండి.

ఇక నా అనుమానం దేనిమీదో చెబుతాను. వానాకాలం, జ్వరంలాంటి నీరసం, సగం తిండి, వాంతులు విరేచనాలు లేకపోవడం. మన ప్రాంతంలో ఈ నాలుగూ కలిస్తే నేను మొదట వెతికేది పిడుదుల జ్వరం. పిడుదులను మీ వైపు గోమార్లు అంటారేమో. టిక్ ఫీవర్ అని అందరూ అనేది దీన్నే.

కుక్కల మీద మనం చూసే గోధుమరంగు పిడుదు కుట్టినప్పుడు ఎర్లీషియా అనే సూక్ష్మజీవిని రక్తంలోకి వదులుతుంది. అందుకు రోజుల తరబడి అతుక్కుని ఉండక్కర్లేదు, కొద్ది గంటలు చాలు. తర్వాత 8 నుంచి 20 రోజుల దాకా బయటికి ఏమీ కనిపించదు. అందుకే "పోయిన నెలే పిడుదులన్నీ తీసేశాం సార్, ఇప్పుడొక్కటీ లేదు" అని చెప్పే ఇంట్లో కూడా ఈ జ్వరం ఉంటుంది. మొదలయ్యేటప్పుడు జ్వరం, నీరసం, ఆకలి తగ్గడం, అంతే. రక్తంలో ప్లేట్‌లెట్లు పడిపోతుంటాయి గానీ అది కంటికి కనపడదు. కొన్ని కుక్కల్లో రెండు నుంచి నాలుగు వారాలకు దానంతటదే తగ్గినట్టు అవుతుంది. అసలు మోసం అక్కడుంది. మళ్లీ గెంతుతున్నాడు కదా అని ఇంట్లోవాళ్లు మర్చిపోతారు. జబ్బు నెలల తరబడి, ఒక్కోసారి ఏళ్ల తరబడి, లోపలే దాక్కుంటుంది. తర్వాత ముదిరి బయటపడేసరికి ఎముకల్లోని మూలుగ దెబ్బతిని, రక్తం తయారవడమే ఆగిపోతుంది. అక్కడి నుంచి కుక్కను వెనక్కి తేవడం చాలా కష్టం. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం తీసుకెళ్లిన జర్మన్ షెపర్డ్ కుక్కలు ఈ జబ్బుతోనే వందకు పైగా చచ్చిపోయాయి. ఈ జాతికి ఇది తీవ్రంగా వస్తుందని అప్పుడే బాగా తెలిసింది. లాబ్రడార్ అంత సున్నితం కాదు, అదొక ఊరట.

ఈ రాత్రి టార్చ్ తీసుకుని వెతకండి. చెవుల లోపలి మడతలు, మెడ పట్టీ కింద, కాలివేళ్ల సందులు, చంకలు, తొడల లోపల, తోక మొదట్లో. పిల్ల పిడుదులు నువ్వుగింజ కంటే చిన్నవి, వేళ్ల సందుల్లో మురికిలా కనిపిస్తాయి. రక్తం తాగి ఉబ్బిన ఆడవి బూడిదరంగు చిక్కుడుగింజల్లా ఉంటాయి. దొరికితే ట్వీజర్‌తో చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగండి. సబ్బునీళ్లలోనో స్పిరిట్‌లోనో వేయండి. గోళ్లతో చిదమొద్దు, అగ్గిపుల్లతో కాల్చొద్దు, కిరోసిన్ పూయొద్దు. అలాగే వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి పొట్ట చర్మం, పురుషాంగం పక్కన, చెవి లోపల చూడండి. సూదిమొనతో పొడిచినట్టు ఎర్రటి చుక్కలు ఉన్నాయా? వేలితో నొక్కినా ఆ ఎరుపు పోవడం లేదా? అయితే ప్లేట్‌లెట్లు బాగా పడిపోయి, చర్మం కింద రక్తం చిమ్ముతోందని అర్థం. దోమ కుట్టిన దద్దురు నొక్కితే పాలిపోతుంది, ఇది పోదు. ఈ చుక్కలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా రాత్రికే డాక్టర్‌కి ఫోన్ చేయండి.

రేపు డాక్టర్‌ని పూర్తి రక్తపరీక్ష, ప్లేట్‌లెట్ల లెక్క, రక్తపు స్మియర్ అడగండి. కుక్కకు ప్లేట్‌లెట్లు సుమారు రెండు లక్షల నుంచి ఐదు లక్షల దాకా ఉండాలి. స్మియర్ అంటే రక్తపు చుక్కను గాజుపలక మీద పరిచి మైక్రోస్కోప్‌లో చూడటం. అది తప్పకుండా అడగమనేది బబీసియా అనే పరాన్నజీవి కోసం. ఇదీ పిడుదులతో వచ్చేదే, ఎర్రరక్తకణాల్లో కూర్చుంటుంది. దాని మందు వేరు, ఒక్కోసారి రెండూ కలిసి వస్తాయి. ఎర్లీషియాకి ఇచ్చే మందు డాక్సీసైక్లిన్. మామూలుగా 28 రోజులు. మోతాదు బరువును బట్టి డాక్టరే రాస్తారు. మొదలుపెట్టిన రెండు మూడు రోజుల్లో కుక్క లేచి తిరుగుతుంది. అయిదో రోజుకి మళ్లీ గేటెక్కుతుంది. సరిగ్గా ఆ అయిదో రోజునే సగం ఇళ్లలో మందు ఆపేస్తారు. "బాగైపోయాడు కదా సార్" అంటారు. మూడు నెలల తర్వాత మళ్లీ నా టేబుల్ మీదికి తీసుకొచ్చేవాళ్లు. 28 అంటే 28 రోజులే అమ్మా. క్యాలెండర్ మీద కొట్టేసుకుంటూ ఇవ్వండి.

ఆ మందు ఇచ్చే పద్ధతి కూడా చెప్పాలి, చాలామంది ఇక్కడే పొరపాటు చేస్తారు. మన ఇళ్లలో మాత్ర దాచడానికి ముందు గుర్తొచ్చేది పెరుగన్నం. పాలూ పెరుగులోని కాల్షియం ఈ మందును ఒంటికి పట్టకుండా అడ్డుకుంటుంది. కాబట్టి పెరుగన్నంలో వద్దు. ఖాళీ కడుపున ఇస్తే వాంతి చేసుకుంటాడు. ముందు కొంచెం తిననిచ్చి, ఉడికించిన చికెన్ ముక్కలోనో గుడ్డులోనో ఇడ్లీ ముక్కలోనో పెట్టి ఇవ్వండి. వెనకే నీళ్లు తాగించండి. బొప్పాయి ఆకు రసం చాలామంది పోస్తారు. దాన్ని నమ్ముకుని డాక్సీసైక్లిన్ ఆలస్యం చేసిన ఇళ్లను చూశాను. తిండి మానేసిన కుక్క గొంతులో బలవంతంగా చేదు రసం పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం కూడా ఉంది. నేనైతే వద్దంటాను.

ఈ రాత్రి జ్వరం ఉన్నా మన బిళ్లలు మాత్రం వేయకండి. ఇది బతిమాలి చెబుతున్నాను. ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు కుక్క కడుపులో పుండ్లు పుట్టిస్తాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి. ప్లేట్‌లెట్లు పడిపోయిన కుక్కకు కడుపులో పుండు పడిందంటే రక్తం ఆగదు. పారాసిటమాల్ కూడా డాక్టర్ మోతాదు చెప్పకుండా వద్దు. తడిగుడ్డతో పొట్ట, అరికాళ్లు తుడవండి, ఫ్యాన్ పెట్టండి, నీళ్లు అందుబాటులో ఉంచండి. రాత్రికి అది చాలు. ఇంకో మాట, పిడుదులు కనిపించాయని పొలం మందు నీళ్లలో కలిపి కుక్కకు పూసేవాళ్లు పల్లెల్లో ఎక్కువ. నోట్లోంచి నురగ కారుతూ, కనుపాపలు చుక్కల్లా చిన్నవైపోయి, ఒళ్లంతా అదురుతూ అలా వచ్చిన కుక్కలకు రాత్రంతా కూర్చుని అట్రోపిన్ అనే విరుగుడు ఎక్కించిన రోజులున్నాయి. కొన్ని బతికాయి. అన్నీ బతకలేదు. పిడుదులకు నెలకొకటి, మూడు నెలలకొకటి ఇచ్చే మాత్రలు ఇప్పుడు దొరుకుతున్నాయి. బ్రూనోకి ఎప్పుడైనా ఫిట్స్ వచ్చి ఉంటే ఆ మాట డాక్టర్‌కి ముందే చెప్పి రాయించుకోండి. కుక్క మీద ఉన్నవి కొన్నే, మిగతావి ఇంట్లో ఉంటాయి. గోడ పగుళ్లు, గుమ్మం మూలలు, మెట్ల కింద వేసిన గోనెసంచి, మంచం కీళ్లు. ఒక్క ఆడ పిడుదు వేల గుడ్లు పెడుతుంది. వాడు పడుకునే ఆ మెట్ల కింద చోటు రేపే ఖాళీ చేసి కడగండి, పగుళ్లు సిమెంటుతో పూడ్పించండి.

పిడుదుల జ్వరమే అని నేను ఇక్కణ్ణుంచి తేల్చేయడం లేదు. లాబ్రడార్ కాబట్టి ఇంట్లో ఏదైనా కనపడకుండా పోయిందేమో చూడండి. సాక్సు, పిల్లల బంతి, మొక్కజొన్న కండె, మటన్ ఎముక. వేసవిలోనైతే మామిడి టెంక అని మొదటే అడిగేవాణ్ణి. పేగుల్లో ఇరుక్కుంటే మొదటి రోజు మౌనమే, వాంతులు తర్వాత వస్తాయి. పండగ రోజులు కాబట్టి ప్రసాదాల్లో ఎండుద్రాక్ష గుప్పెడు తిన్నాడేమో కూడా అడగండి, ద్రాక్ష ఏ రూపంలో ఉన్నా కుక్క కిడ్నీలకు విషం. చాక్లెట్ సంగతి అందరికీ తెలుసు, ద్రాక్ష సంగతి తెలియదు. మీ ఇంటి చుట్టూ వాన నీళ్లు నిలిస్తే ఎలకల మూత్రం కలిసిన ఆ నీళ్లతో లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా జబ్బు వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగాక మీ ఊళ్లో ఈ మాట చాలామంది వినే ఉంటారు. కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం దాని గుర్తులు, మనుషులకూ అంటుకుంటుంది. మూత్రం కడిగేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి.

నొప్పి కూడా ఉండొచ్చు. కుక్కకు నొప్పి ఉంటే కుయ్యి కుయ్యి అనాలని మనం అనుకుంటాం. ఎక్కువ కుక్కలు అనవు. కదలడం తగ్గించేస్తాయి, అంతే. మెట్లెక్కేముందు ఆగుతున్నాడా, కూర్చున్నవాడు లేవడానికి ముందుకాళ్ల మీదే బరువు వేస్తున్నాడా, తల ఒక పక్కకు వంచి విదిలిస్తున్నాడా చూడండి. చెవి ఎత్తి వాసన చూడండి. వానాకాలంలో చెవిలో చీము పట్టి, పుల్లటి వాసన వస్తూ, ఆ ఒక్క బాధకే మూలకు చేరిన కుక్కలు లెక్కలేనన్ని.

రేబిస్ మాట కూడా ఎత్తాలి. బ్రూనోకి టీకాలు పడ్డాయి కాబట్టి అతని విషయంలో నాకు ఆ భయం లేదు. కానీ మీ సందేహమే ఉన్న ఇంకెవరైనా ఇది చదువుతారు. పిచ్చికుక్క అంటే వీధుల్లో పరుగెడుతూ కరిచేదే అని చాలామంది అనుకుంటారు. చప్పుడు చేయని రేబిస్ కూడా ఉంది. కుక్క చీకటి మూల చేరి, కింది దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేక కూర్చుంటుంది. చూసినవాళ్లకు గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు అనిపిస్తుంది. పాపం అని నోట్లో చెయ్యి పెడతారు. టీకా వేయని కుక్క గానీ, వీధికుక్క గానీ ఇలా కనిపిస్తే నోట్లో చెయ్యి పెట్టకండి. ఇప్పటికే పెట్టి ఉంటే సబ్బుతో, కారే నీళ్ల కింద పదిహేను నిమిషాలు కడుక్కుని ఆ రోజే మీరు ఆసుపత్రికి వెళ్లండి. కుక్క సంగతి తర్వాత.

అలాగే ఆపరేషన్ చేయించని ఆడకుక్క ఎద తర్వాత ఒకటి రెండు నెలల్లో నీళ్లు ఎక్కువ తాగుతూ మౌనంగా మారితే మా చిట్టి గుర్తుకు రావాలి. చీము బయటికి కారితేనే అనుకోవద్దు, కారనిదే ఎక్కువ ప్రమాదం. ఆరు నెలల లోపు కుక్కపిల్లలైతే పార్వో అనే వైరస్ జబ్బు. దానికి పూటలు లెక్క.

అన్నీ జబ్బులే అని కూడా నేను అనను. టీకా వేయించిన రోజు, మర్నాడు కుక్క కాస్త మగతగా ఉంటుంది. ఇంట్లో అబ్బాయి హాస్టల్‌కో అమెరికాకో వెళ్తే వాడి చెప్పుల దగ్గర వారం రోజులు పడుకున్న కుక్కలున్నాయి. తోడుగా పెరిగిన ఇంకో కుక్క పోయినా అంతే, నిజంగానే బెంగ పెట్టుకుంటాయి. వయసుతో నెమ్మదించడమూ ఉంది, కానీ అది నెలల మీద జరిగేది. సోమవారం గేటెక్కినవాడు బుధవారానికి పెద్దవాడైపోడు. బెంగ అనిపించినా ముందు ఒంట్లో ఏమీ లేదని తేల్చుకున్నాకే బెంగ అనుకోవాలి. ఈ వరుస తిరగేస్తే చేజేతులా పోగొట్టుకుంటాం.

రేపు వెళ్లేటప్పుడు ఒక కాగితం మీద రాసుకుని వెళ్లండి: ఎప్పటినుంచి, ఎంత తిన్నాడు, ఎన్ని గిన్నెల నీళ్లు, మూత్రం రంగు, విరేచనం రంగు, రాత్రి ఎంత టెంపరేచర్, చివరిసారి పిడుదు ఎప్పుడు కనిపించింది. ఇంకో పని, ఇవాళే చేయండి. వాడు మెట్ల కింద పడుకుని ఉన్నది, మీరు గేటు తీసినా లేవనిది, ఒక నిమిషం వీడియో తీసుకోండి. ఎందుకంటే కొత్త చోటికి, కొత్త మనుషుల మధ్యకి వెళ్లేసరికి కుక్కకు ఒళ్లంతా అప్రమత్తమైపోతుంది. రెండు రోజులుగా లేవనిది ఆసుపత్రి గేటు దగ్గర తోకూపుతూ నిలబడుతుంది. "బాగానే ఉన్నాడు కదమ్మా" అని డాక్టర్ అంటారు, మీకు ఏం చెప్పాలో తోచదు. అప్పుడు ఆ వీడియో చూపించండి. నా దగ్గరికి ఎవరైనా అలాంటి వీడియో తెస్తే, కుక్క కంటే ముందు దాన్నే చూసేవాణ్ణి.

పొద్దున బెల్టు చేతిలోకి తీసుకోగానే బ్రూనో లేచి రెండడుగులు వేసి మీ చెయ్యి నాకొచ్చు. మీ ఇంట్లోవాళ్లు "చూశావా, బాగైపోయాడు" అంటారు. అనుకోనివ్వండి. ఆటో పిలిచి, తీసుకెళ్లండి.